వంకలో డేరాలెయ్యొద్దు

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ అమ్మాయిలంతా భయపడి మూడో అంతస్తు బాత్రూముల వైపు వెళ్లడం మానేస్తే, ఖాళీగా ఉంటాయి కదా అని నేను బకెట్ పట్టుకుని అక్కడికే వెళ్లేదాన్ని. ఇప్పుడూ నమ్మను.

ఇది ముందే చెప్పుకోవాల్సి రావడానికి కారణం మా ఆయన. సింగపూర్లో తెలుగువాళ్లు నలుగురు చేరి భోజనాలు పెట్టుకుంటే చాలు, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఈ కథ ఎత్తుకుంటాడు. ఆయన చెప్పే కథలో అర్ధరాత్రి మా ఆఫీసు లైట్లు ఆరిపోతాయి. వైరు పీకేసిన ఫోను మోగుతుంది. నేను స్పృహ తప్పి పడిపోతాను. ఇవేవీ జరగలేదు. జరిగిందంతా పట్టపగలు, ఆఫీసు నిండా మనుషులుండగా జరిగింది. ఆయన అసలు అక్కడ లేడు, జురాంగ్ వెస్ట్‌లో తన ఉద్యోగం తాను చేసుకుంటున్నాడు. ఎన్నిసార్లు సరిదిద్దినా వినడు. విసుగెత్తి, జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తున్నాను.

డాట్‌కామ్ రోజులవి. పేరు చివర ఆ రెండు ముక్కలూ తగిలిస్తే ఏ వ్యాపారానికైనా పెట్టుబడి దొరికేది. మేమిద్దరం పెళ్లయిన కొత్తలో హైదరాబాదు నుంచి వచ్చి ఆంగ్ మో కియోలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాం. ఫ్లాట్ యజమాని ఛువా ఆంటీ. జీవితమంతా బడిపిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. మేము వంటింట్లో అన్నం వండుకోవచ్చు, కూర ఉడకబెట్టుకోవచ్చు, తాలింపు మాత్రం పెట్టకూడదు. ఆవాలు చిటపటలాడితే ఆవిడ తన గదిలోంచే దగ్గేది. తాలింపు లేని పప్పు ఏడాది పాటు తిన్న మనిషిని నేను. ఆ రోజుల్లో నాకెంత చిరాకుగా ఉండేదో అర్థం చేసుకోండి.

నేను చేరిన కంపెనీ అక్కడికి దగ్గరలోనే, ఫ్యాక్టరీలుండే వీధిలో ఒక భవనం పై అంతస్తులో ఉండేది. కింద బిస్కెట్లు తయారుచేసేవాళ్లు. మా కంప్యూటర్లకు కూడా వెన్న వాసన వచ్చేది. మా వ్యాపారం ఎకో టూరిజం. సింగపూర్ వాళ్లను ఒమన్ దేశానికి తీసుకెళ్లాలి. అక్కడ ఒకపక్క నిట్టనిలువు రాతి కొండలు, కొండలు దాటితే ఎడారి. కొండ మీది పల్లెల్లో గులాబీ తోటలుంటాయి, రాతి కాలవల్లో నీళ్లు పారుతుంటాయి. యాత్రికులు కొద్దిమందే వెళ్లాలి, డేరాల్లో పడుకోవాలి, ప్లాస్టిక్ వాడకూడదు, పారేసిన చెత్తంతా తిరిగి తెచ్చుకోవాలి, ఆ పల్లెవాళ్లకే పని దొరకాలి. ఆలోచన మంచిదే. చిక్కంతా మా బాస్ డెస్మండ్‌తో.

అతనికి రోజుకో కోరిక పుట్టేది. వెబ్‌సైటు మీద ఒంటె నడవాలనేవాడు. నడిపిస్తే, తల కూడా ఊపాలనేవాడు. టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ వాడుకునే జనానికి ఆ ఒంటె తెర మీదికి వచ్చేలోపు భోజనం చేసి రావచ్చని చెప్పినా వినేవాడు కాదు. ఏసీ లేదు, టీవీ లేదు, వేడినీళ్లు లేవు అని పెద్ద అక్షరాలతో రాయించేవాడు. లేనివాటిని చూపించి అమ్మే దుకాణం నా జన్మలో అదొక్కటే చూశాను.

ఇక ఫోను సంగతి. ఒమన్‌లో మా తరఫున డేరాలు వేసి, భోజనాలు చూసే వాళ్లకు అప్పట్లో ఈమెయిల్ మీద నమ్మకం లేదు. ఎవరైనా బుక్ చేసుకోగానే వాళ్ల ఆఫీసుకు ఫ్యాక్స్ పోవాలి. ఆ ఫ్యాక్సులు పంపే ప్రోగ్రాం రాసింది నేను. దానికోసం నా బల్ల మీదికి ఒక లైను వేసి, పరీక్షించుకోవడానికి ఒక మామూలు ఫోను కూడా తగిలించారు. ఆ లైను మీద ఇక్కణ్నుంచి బయటికి చేసుకోవచ్చు. బయటినుంచి లోపలికి కాల్ రాదు. రాకుండా నేనే అడిగి ఆపు చేయించాను, లేకపోతే ఫ్యాక్స్ పోతుండగా ఎవరో ఒకరు ఫోన్ చేసి పాడుచేస్తారని. ఆ నంబరు నాకే సరిగ్గా గుర్తుండేది కాదు, ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఒకరోజు భోజనం చేసి వచ్చి కూర్చున్నాక అది మోగింది.

ఎత్తి హలో అన్నాను. గాలి హోరు. ఆ హోరులోంచి ఒక ఆడమనిషి గొంతు, వయసు మీరిన గొంతు, నాకు బాగా తెలిసిన మనిషిలాగా మాట్లాడింది.

"పాపా, ఆ వంకలో డేరాలెయ్యొద్దని చెప్పు."

తెలుగు. అదీ కడప వైపు తెలుగు. ఎవరండీ అన్నాను. మళ్లీ అదే మాట. నాకు పని ఉందని చెప్పి పెట్టేశాను.

మర్నాడు మళ్లీ అదే వేళకు మోగింది. మళ్లీ అదే మాట. ఎవరు కావాలని అడిగితే పలకదు, నంబరు ఎవరిచ్చారంటే పలకదు. నా మాట ఆవిడకు సగం వినిపించి సగం వినిపించనట్టుండేది. "చెప్పు పాపా" అని బతిమాలేది. మా ఆయనది ప్రొద్దుటూరు. ఆయన తరఫు బంధువుల్లో ఎవరో అత్తయ్యకు మా డేరాల వ్యాపారం సంగతీ, నా నంబరూ ఆయనే చెప్పి ఉంటాడని నాకు రూఢి అయిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన్ని నిలదీశాను. తనకు ఆ నంబరే తెలియదన్నాడు. నిజమే, తెలియదు. పెళ్లయ్యాక మా మొదటి పెద్ద గొడవ అదే. గొడవ మధ్యలోనే ఆయన చెప్పాడు, వంక అంటే తమ వైపు వాగు అని, అందులో ఎప్పుడూ నీళ్లుండవు, ఇసుకే ఉంటుంది, ఎగువన వాన పడితేనే పారుతుందని. మా బాపట్లలో వంక అంటే సాకు. అప్పటిదాకా ఆవిడ ఏ సాకు గురించి చెబుతోందో అనుకున్నాను.

కాల్స్ ఆగలేదు. ఒకసారి నేను బల్ల దగ్గర లేనప్పుడు మోగితే, పక్కన కూర్చునే మెయ్ లింగ్ ఎత్తింది. మెయ్ లింగ్ యాత్రికులతో మాట్లాడే ఉద్యోగం చేసేది. నేను తిరిగి రాగానే, "యువర్ ఆంటీ కాల్డ్ లా, షీ సౌండ్ వెరీ వరీడ్," అంది. ఇండియన్ ఆంటీ, ఇంగ్లీషు రాదు, ఊపిరాడనట్టు మాట్లాడుతోంది, గాలి బాగా వినిపించింది అంది. నేనేదో ఊహించుకున్నానని తర్వాత చాలామంది అన్నారు. మెయ్ లింగ్‌కు నా ఊహలు ఎలా వినిపిస్తాయి?

టెలిఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేశాను. వచ్చిన మనిషి లైను పరీక్షించి, ఇందులోకి కాల్ రాదు మేడమ్ అన్నాడు. వస్తోందన్నాను. రాదన్నాడు. తన దగ్గరున్న ఫోనుతో ఆ నంబరుకు నా ఎదురుగానే చేసి చూపించాడు. మోగలేదు. ఈ నంబరుకు కాల్ చేయడం కుదరదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. చూశారా అన్నట్టు నా వైపు చూసి, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అతను వెళ్లిన మధ్యాహ్నమే మళ్లీ మోగింది. ఆ రోజు నేను గట్టిగా అరిచాను. ఇది ఆఫీసు, ఇంకోసారి చేస్తే పోలీసులకు చెబుతానన్నాను. ఆవిడ ఏడ్చినట్టు వినిపించింది. పెట్టేశాను.

ఈ గోలలోనే ఛువా ఆంటీ ఒమన్ ప్రయాణం కట్టింది. దానికి కారణం నేనే. ఒక సాయంత్రం మా గదిలో నేను వెబ్‌సైటు సరిచేస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి వచ్చి కూర్చుంది. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు ఎడారి గురించి పాఠం చెప్పాను, ఎడారి ఎప్పుడూ చూడలేదు అంది. తనతో పనిచేసి రిటైరైన టీచర్లను పోగుచేసింది. అందరూ అరవై దాటినవాళ్లే. డిసెంబరు సెలవుల్లో పదిమందికి పైగా విమానం ఎక్కారు. ఆవిడ వెళ్లిన రోజు రాత్రి మేము ఇంగువ తాలింపుతో పప్పుచారు చేసుకున్నాం. అంత సంతోషంగా ఉన్నాం.

వాళ్లు ముందు కొండ మీది పల్లెల్లో నాలుగు రోజులు తిరిగి, తర్వాత కిందికి దిగి డేరాల్లో ఉండాలి. డేరాలు మొదట్లో ఒక రాతి గట్టు మీద ఉండేవి. అక్కడ ఫోటోలు బాగా రావడం లేదని డెస్మండ్ ఆ శీతాకాలానికే చోటు మార్పించాడు. కొత్త చోటు ఫోటోని సైటు మొదటి పేజీలో పెట్టింది నేనే. అందంగా ఉండేది, కాదనను.

వాళ్లు డేరాలకు చేరే రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తకూడదనుకున్నాను. మోగుతూనే ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు. ఎత్తి, మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఈ పొద్దే పాపా. కొండలో వాన పట్టింది. నీల్లు దిగుతాండాయి. నీకు దండం పెడతా, ఫోను పెట్టేయొద్దు."

అంతకు ముందు బతిమాలినట్టుండే గొంతు ఆ రోజు బొంగురుపోయి ఉంది. జ్వరం మనిషి మాట్లాడినట్టుంది. నాకు భయం వేసిందని మా ఆయన చెబుతాడు. భయం కాదు, కోపం వచ్చింది. ఏ వంక, ఎవరి డేరాలు, సరిగ్గా చెప్పి చావమన్నాను. అన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడ నా ప్రశ్నకు జవాబిచ్చింది.

"రెండు కొండల నడమ. తెల్ల ఇసక. నడి మద్దెన ఒకటే తుమ్మచెట్టు. మీ ముసలోల్లంతా ఆ చెట్టు కాడే ఉండారు. ఆడ ఎండ కాస్తాంటాది, నీల్లు మీదికొచ్చేదాకా తెలీదు."

నా ఎదురుగా కంప్యూటర్ తెర మీద మొదటి పేజీ తెరిచే ఉంది. రెండు పక్కలా కొండ చరియలు. మధ్యలో తెల్లటి ఇసుక. ఒకే ఒక్క తుమ్మ చెట్టు. దాని చుట్టూ డేరాలు. నేను ఆ ఫోటోని నెల రోజులుగా చూస్తున్నాను. అది ఎండిన వాగు అని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఫోను పెట్టేశాను. ఒమన్ నంబర్లున్న కాగితం వెతికి తీశాను.

ఒమన్‌లో డేరాల వ్యవహారం చూసేది సలీం అనే అతను. నా వయసువాడే. అతని దగ్గర ఉపగ్రహం మీద పనిచేసే ఫోను ఒకటుండేది. అత్యవసరమైతే తప్ప దానికి చేయకూడదని మాకు ఆజ్ఞ. నేను నంబరు నొక్కుతుండగా డెస్మండ్ వచ్చి నిలబడ్డాడు. ఏమిటన్నాడు. కొండల్లో వాన పడుతోందట, డేరాలు మార్పించాలి అన్నాను. ఎవరు చెప్పారన్నాడు. అక్కడి ఆవిడ ఒకరు ఫోన్ చేశారన్నాను. అతను తన కంప్యూటర్లో మస్కట్ వాతావరణం తెరిచి చూపించాడు. పసుపుపచ్చ సూర్యుడు నవ్వుతున్నాడు.

"స్కై సో బ్లూ, వై మూవ్? కస్టమర్ కంప్లైన్, యూ హ్యాండిల్ ఆ?"

నేనే హ్యాండిల్ చేస్తానన్నాను. నా ఉద్యోగ వీసా అతని సంతకం మీద ఉంది. అది పోతే నెలలోపు దేశం వదిలి వెళ్లాలి. అంత తెలిసీ ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ మనిషితో వాదించి వాదించి అప్పటికే విసిగిపోయి ఉన్నాను, బహుశా అదే కారణం.

సలీం ఫోన్ ఎత్తాడు. అక్కడ ఇంకా మధ్యాహ్నం కాలేదు, యాత్రికులు అప్పుడే వచ్చి సామాను దించుకుంటున్నారు, ఎండ దంచేస్తోంది అన్నాడు. నేను ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. తెల్ల ఇసుక, ఒకటే చెట్టు, ముసలివాళ్లంతా చెట్టు దగ్గరున్నారు, నీళ్లు దిగుతున్నాయి. అతను ఇది నీకు చెప్పింది ఒక పెద్దావిడా అని అడిగాడు. అవునన్నాను. ఇంకో ప్రశ్న వేయకుండా, సరే, గట్టు మీదికి మార్చేస్తాను అని పెట్టేశాడు.

తర్వాత జరిగింది ఛువా ఆంటీ చెప్పగా విన్నది. అప్పుడే కాళ్లు చాపుకున్న ముసలివాళ్లను లేపి, రాళ్ల మీదుగా సామానుతో సహా గట్టెక్కమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అందరూ సలీంను తిట్టారు. సింగపూర్లో మా కంపెనీని తిట్టారు. ఆంటీ నన్ను పేరు పెట్టి తిట్టానని నాతోనే చెప్పింది. టాన్ అనే లెక్కల మాస్టారు మాత్రం కదలనన్నాడు. మోకాళ్ల నొప్పులాయనకి. చోటు మారిస్తే తనకు ముందే రాతపూర్వకంగా చెప్పాలని, తన డేరాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లంతా ఎక్కాక కూడా ఆయన కిందే ఉన్నాడు. చివరికి ఆంటీ మళ్లీ దిగి వెళ్లి, బడిలో అల్లరి పిల్లల్ని లేపినట్టు చెయ్యి పట్టుకుని లేపింది. ఆయన్ని ఒకపక్క ఆంటీ, ఒకపక్క సలీం పట్టుకుని ఎక్కిస్తుంటే ముందు మేకలు వీళ్లను దాటుకుని పైకి పరిగెత్తాయట. తర్వాత తడిమట్టి వాసన. తల మీద ఆకాశం మాత్రం నీలంగానే ఉంది. ఆ వెనక ట్రైను స్టేషన్లోకి వస్తున్నట్టు చప్పుడు.

నీళ్లు గోడలాగా వచ్చాయని ఆంటీ అంది. గోధుమరంగు నీళ్లు, వాటిలో చెట్ల కొమ్మలు, రాళ్లు, ఎవరిదో తలుపు. టాన్ మాస్టారు కూర్చున్న కుర్చీ గిరగిరా తిరుగుతూ పోవడం ఆయనే చూశాడు. కాసేపటికి తుమ్మ చెట్టు చిటారు కొమ్మలు తప్ప ఏమీ కనిపించలేదు. గట్టు మీద రొట్టె, ఖర్జూరాలు తిని ఒక రోజంతా కూర్చుని, నీళ్లు తగ్గాక దిగారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

ఆ సాయంత్రం నేను ఆఫీసులోనే ఉన్నాను. సలీం ఫోన్ చేసి అందరూ క్షేమం అన్నాక డెస్మండ్ కుర్చీలో కూలబడ్డాడు. మంచివాడేనని ఆ కాసేపూ అనిపించింది. మర్నాడు ఉదయానికే సైటు మొదటి పేజీలో, మా యాత్రికుల భద్రత కోసం మా బృందం కొండల్లో వానను సైతం ముందే కనిపెడుతుంది అని రాయించాడు. టైపు చేసింది నేనే.

తిరిగి వచ్చాక ఛువా ఆంటీ పోయిన తన బూట్ల గురించి రెండు రోజులు సణిగింది. మూడో రోజు వంటింట్లోకి వచ్చి, నా చేతిలో ఆవాల డబ్బా చూసి, "కుక్ లా. ఐ ఓపెన్ విండో," అని కిటికీ తెరిచి వెళ్లిపోయింది. తాలింపు గురించి మేము మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు ఫోన్ చేసినావిడ ఎవరో సలీంకు తెలుసని నేను అనుకున్నాను. కృతజ్ఞతలు చెబుదామని అతన్ని అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు. రమణమ్మ నీకు తెలియదా అన్నాడు. నాకు తెలియదన్నాను. మరి నీకు ఫోన్ చేసిందన్నావు కదా అన్నాడు.

రమణమ్మ కొన్నేళ్ల కిందట వాళ్లింట్లో వంట చేసేదట. యాత్రికుల పని మొదలుపెట్టినప్పుడు గట్టు మీది డేరాల దగ్గరా ఆవిడే వండిపెట్టేది. ఒక రోజు కిందికి దిగి ఆ తుమ్మ చెట్టు దగ్గర గిన్నెలు తోముకుంటుండగా, ఎండ కాస్తుండగానే, వాగు వచ్చింది. చెట్టు పట్టుకుని వేలాడుతూ ఉండిపోయింది. తాడు వేసి లాగారు. అప్పటినుంచి ఆ ఇసుకలో ఎవరైనా కారు ఆపినా సరే, వెళ్లి కేకలు వేసి తీయించేది. డేరాలు అక్కడికి మార్చాలని డెస్మండ్ పట్టుబట్టినప్పుడు సలీంకు గుర్తొచ్చింది ఆవిడే. కాదని చెప్పాడు, డెస్మండ్ వినలేదు. నేను ఫోన్లో చెప్పినవి అచ్చంగా ఆవిడ మాటలే. అందుకే మారు మాట్లాడకుండా మార్చేశాడు. ఇండియా నుంచి ఆవిడ నాతో మాట్లాడి ఉంటుందనుకున్నాడు, అంతే.

ఆవిడ ఇంటికి వెళ్లిపోయి చాలా కాలమైంది. రాయచోటి దగ్గర పల్లె. వాళ్ల ఊరి మనిషి ఒకతను మస్కట్‌లో ఉన్నాడని, అతన్ని అడిగి ఆ పల్లెలోని టెలిఫోన్ బూత్ నంబరు కనుక్కుని ఇచ్చాడు సలీం.

ఆ నంబరు పెట్టుకుని ఒక వారం ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆవిడ చనిపోయి ఉంటుందనుకున్నాను. ఇలాంటివి అలాగే అవుతాయి కదా. చనిపోయి ఉంటే కనీసం నా నమ్మకాలు మార్చుకుని ఊరుకోవచ్చు. అలా అయినా బాగుండేది.

ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్లాం. వీధులు పనివాళ్లతో కిటకిటలాడుతున్నాయి. సెరంగూన్ రోడ్డులో ఫోన్లు చేసుకునే దుకాణంలో వరుసలో నిలబడి, మా వంతు రాగానే ఆ బూత్‌కు చేశాను. అది నడిపే ఆవిడ రమణమ్మ ఇల్లు దగ్గరేనని, పిలిపిస్తానని, కాసేపాగి మళ్లీ చేయమని చెప్పింది. ఆవిడ బతికే ఉందన్న సంగతి నాకు అలా తెలిసింది. మళ్లీ వరుస చివరికి వెళ్లి నిలబడ్డాం.

రెండోసారి చేసినప్పుడు రమణమ్మే ఎత్తింది.

"అలో. ఎవురు?"

ఆ రెండు మాటలకే నాకు తెలిసిపోయింది. అదే గొంతు. గాలి హోరు లేదు, ఏడుపు లేదు, కానీ అదే గొంతు. గొంతు గుర్తుపట్టడంలో పొరపాటు పడి ఉంటానని మా ఆయనే అన్నాడు మొదట్లో. రోజూ మధ్యాహ్నం నన్ను సతాయించిన గొంతు నాకు గుర్తుండదా?

నేను సింగపూర్ నుంచి అని చెప్పాను. ఆవిడకు సింగపూర్ ఎక్కడో తెలియదు. సలీం పేరు చెబితే సంతోషించింది, వాళ్లమ్మ ఎలా ఉందని అడిగింది. మీరు నాకు ఫోన్ చేశారు కదా అన్నాను. ఆవిడకు నా మాట అర్థం కాలేదు.

"నేనెప్పుడు చేసినా పాపా? నాకు ఫోను కొట్టేదే రాదే."

ఎప్పుడని నేను చెప్పేసరికి, ఆ రోజుల్లో తాను మంచం మీద ఉన్నానని, ఏమీ గుర్తులేదని చెప్పి, పక్కనున్న కూతురికి ఫోన్ ఇచ్చింది. ఆ కూతురు మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆ రోజులు తలుచుకుంటేనే విసుగొస్తున్నట్టుంది ఆమెకు.

"మాయమ్మకు విషజ్వరం మేడమ్. ఇరవై దినాలు లేయలేదు. ఒళ్లు తెలీకుండా ఒకటే మాట, వంకలో డేరాలెయ్యొద్దు, వంకలో డేరాలెయ్యొద్దు అని. మద్యాన్నం జ్వరం ఎక్కితే మొదలుపెట్టేది. ఇని ఇని మాకు తల పగిలిపోయేది. నడమ నడమ ఏడ్చేది, ఈ పాప ఇనుకోదే, నేను మాట్లాడతాంటే ఫోను పెట్టేస్తాందే అని. యా పాపనో మాకేం తెలుసు మేడమ్."

వెనక వరుసలో ఎవరో త్వరగా కానివ్వమని తమిళంలో అంటున్నారు. మా ఆయన నా మొహం చూసి ఏమైందని సైగ చేస్తున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం, ఈ పొద్దే పాపా అని గట్టిగా అరిచి, ఆ తర్వాత నిద్రపోయిందని, సందెవేళకు జ్వరం దిగిపోయి రసం అన్నం అడిగి తిన్నదని ఆ కూతురు చెబుతూనే ఉంది.

మళ్లీ రమణమ్మ ఫోను తీసుకుంది. ఆవిడకు జరిగినదంతా చెప్పాను. వాగు వచ్చిందని, డేరాలు కొట్టుకుపోయాయని, ముందే పైకి చేర్చామని. ఆవిడ దేనికీ ఆశ్చర్యపోలేదు. ఫోను తానెలా చేసిందనీ అడగలేదు. ఒకటే అడిగింది.

"మనుషులంతా గట్టెక్కినారా?"

ఎక్కారమ్మా, అందరూ ఎక్కారన్నాను.

"అయితే సరే," అంది. అంతటితో సరిపోయింది ఆవిడకు. నాకు సరిపోలేదు. అన్ని రోజులు నా మాట ఎందుకు వినిపించుకోలేదని అడగాలనిపించింది. ఆఫీసు నిండా మనుషులుంటే నేనే ఎందుకు అని అడగాలనిపించింది. తానెవరితో మాట్లాడిందో తెలియని మనిషిని ఏమని అడగను? చివరికి, ఇదంతా ఎలా జరిగిందంటావమ్మా అని మాత్రం అడగగలిగాను.

"నాకేం తెలుసు పాపా," అంది రమణమ్మ.

మరుసటి ఏడాది ఆ డాట్‌కామ్‌లన్నిటితో పాటు మా కంపెనీ కూడా మూతపడింది. నేను ఇంకో చోట చేరాను, ఫోన్ల వ్యవస్థల మీదే చాలా ఏళ్లు పనిచేశాను. లోపలికి కాల్ రాని లైనులోకి కాల్ ఎలా వస్తుందో నాకు తెలిసిన ప్రతి దారీ వెతికాను. క్రాస్ కనెక్షన్ అని ఎవరైనా అంటే, దయచేసి అనకండి. దారి తప్పి తగిలిన లైనులో మంచం దిగలేని మనిషి మాట్లాడదు. రాయచోటి దగ్గర పల్లెలో పడుకున్న మనిషికి ఛువా ఆంటీ ఏ చెట్టు కింద కాళ్లు చాపుకుందో తెలియదు. మా ఆయనేమో ఆత్మ ప్రయాణం అంటాడు. బతికున్న మనిషి ఆత్మ ప్రయాణం చేసి ఫ్యాక్స్ లైను పట్టుకుందా అంటే, నీకు ప్రతిదానికీ వాదనే అంటాడు.

వాదన కాదు. నాకు తెలియదు. అంతే.